పికప్ కింద వేలాడే స్టెప్నీని దించడం ఎలా? విజయవాడ, గుంటూరు బండి వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా రోజూ తిరిగే పికప్పుల్లో స్టెప్నీ ఉందన్న సంగతి ఓనరుకీ తెలుసు, డ్రైవరుకీ తెలుసు. దాన్ని కిందికి దించి చూసినవాళ్లు మాత్రం తక్కువ. పంక్చర్ అయ్యాక, అదీ అర్ధరాత్రి కాజ టోల్‌గేట్ దాటాక, రాడ్డు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటుంటారు. బొలెరో పికప్, టాటా యోధ, ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్, ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి బండ్లు నడిపేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. మోడల్‌ని బట్టి తేడాలుంటాయి. మీ బండి మాన్యువల్ ఒకటి చెప్పి, ఇక్కడ ఇంకొకటి కనిపిస్తే మాన్యువల్ మాటే వినండి.

పికప్‌లో స్టెప్నీ ఎక్కడుంటుంది?

బండి వెనక భాగంలో, బాడీ కింద, ఛాసిస్ బీములకి మధ్య. కారుకైతే డిక్కీ ఉంది. పికప్‌లో ఆ చోటంతా సరుకుది. మిర్చి టిక్కీలు నిండుగా వేశాక వాటి అడుగు నుంచి టైరు తీయడం కుదరదు కాబట్టి బయట, కింది వైపు పెట్టారు. ఇందులో ఉన్న ఇబ్బంది ఒక్కటే: బురద, నీళ్లు, ఎగిరే రాళ్లు అన్నీ దాని మీదే పడతాయి.

అన్ని బండ్లలో ఒకేలా బిగిస్తారా?

లేదు. ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది వించ్. టైరు ఒక చెయినుకో, ఉక్కు తాడుకో వేలాడుతుంది. వెనక నుంచి పొడుగు రాడ్డు పెట్టి తిప్పితే దిగుతుంది, ఎక్కుతుంది. రెండోది క్యారియర్. టైరుని ఇనుప పట్టీ మీదో, ట్రే మీదో కూర్చోబెట్టి నట్లతో బిగిస్తారు. నట్టు విప్పితే పట్టీ ఒక వైపు కిందికి వాలుతుంది.

మీ బండిది ఏ రకమో తెలియాలంటే వెనక వంగి టార్చి వేసి చూడండి. డిస్కు, అంటే టైరు ఎక్కించిన ఇనుప చక్రం, మధ్య రంధ్రంలోంచి చెయినో తాడో పైకి పోతుంటే వించ్. నట్లు, పట్టీ కనిపిస్తే క్యారియర్. క్యారియర్ రకంలో ఒక జాగ్రత్త ఉంది. నట్టు పూర్తిగా విప్పగానే టైరు బరువంతా ఒక్కసారిగా చేతి మీదకి వస్తుంది. చివరి రెండు మూడు చుట్లు ఉండగానే ఇంకొకరిని పట్టుకోమనండి, లేదా టైరు కింద చెక్క దిమ్మ పెట్టండి.

వించ్ ఎలా పని చేస్తుంది? దానంతటదే జారిపోదా?

బావి గిలక మీద చేద దిగినట్టే దిగుతుంది, కానీ వదిలేస్తే జారిపోదు. లోపల చిన్న డ్రమ్ముకి చెయిను చుట్టుకుని ఉంటుంది. రాడ్డుతో గేరుని తిప్పితే డ్రమ్ము తిరుగుతుంది. టైరు బరువు మాత్రం డ్రమ్ముని వెనక్కి తిప్పలేదు, గేర్ల అమరిక అలా ఉంటుంది. చెయిను చివర ఒక రేకు ముక్క, కొన్నింటిలో దాని పైన ఒక స్ప్రింగు ఉంటాయి. ఆ రేకు డిస్కు మధ్య రంధ్రానికి కింద అడ్డంగా పడి టైరుని మోస్తుంది. దాన్ని ఏటవాలుగా తిప్పితే అదే రంధ్రంలోంచి పైకి వచ్చేస్తుంది. ఈ రేకు సంగతి తెలియక టైరు కిందికి వచ్చాక కూడా చెయినుతో కుస్తీ పట్టేవాళ్లు చాలామంది.

ఏ సామాన్లు కావాలి? నా బండిలో అవి ఎక్కడున్నాయో తెలియట్లేదు.

జాకీ, జాకీ రాడ్డు, వీల్ స్పానర్. ఈ మూడూ కంపెనీ ఇస్తుంది. సాధారణంగా సీటు వెనకో, సీటు కిందో ఉంటాయి. డబుల్ క్యాబిన్ బండ్లలో వెనక సీటు దగ్గర వెతకండి. రాడ్డు రెండు మూడు ముక్కలుగా ఉంటుంది, ఒకదానికొకటి తగిలించుకోవాలి. స్టెప్నీ దించడానికీ జాకీ తిప్పడానికీ చాలా బండ్లలో ఒకటే రాడ్డు.

వీటికి తోడు ఒక టార్చి, పాత గోనె సంచి, అరచేయి పట్టేంత మందం ఉన్న చెక్క పలక, చక్రాలకి అడ్డం పెట్టడానికి రెండు దిమ్మలు, చేతి గ్లవుజులు క్యాబిన్‌లో పడేసుకోండి. చెక్క పలక ఎందుకో కింద చెప్తాను.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. రాడ్డు లేదు. స్క్రూడ్రైవరుతో తిప్పొచ్చా?

కుదరదు. రాడ్డు పొడుగ్గా ఉండేది బంపర్ బయట నిలబడి తిప్పడానికి. కురచగా ఉన్న పనిముట్టుతో తిప్పాలంటే టైరు కిందికి దూరాలి, అదే ప్రమాదం. పైగా రాడ్డు చివర ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. ఒకదానికి చదును, ఒకదానికి చదరం, ఒకదానికి కొక్కెం. అమరనిది పెట్టి బలవంతంగా తిప్పితే వించ్ నోరు అరిగిపోతుంది. ఆ తర్వాత అసలు రాడ్డు తెచ్చినా పట్టదు.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గానీ గుంటూరు ఆటోనగర్‌లో గానీ పాత సామాన్ల కొట్లలో మీ మోడల్ రాడ్డు దొరక్కపోదు. లేదంటే లేత్ షాపులో చేయిస్తారు. కొలత కాగితం మీద రాసుకెళ్లకండి, బండినే తీసుకెళ్లి అక్కడే పెట్టి తిప్పించి చూడండి. సెకండ్ హ్యాండ్ బండి బేరం ఆడేటప్పుడు ఇంజను చప్పుడు వినడానికి పెట్టిన శ్రద్ధలో కొంచెం ఈ రాడ్డు మీద పెడితే ఇంత దూరం రాదు.

సరే, దించే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా చెప్పండి.

బండిని గట్టి, చదునైన నేల మీద ఆపండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగండి, ఇంజను ఆపి గేరులో వేయండి. ముందు చక్రాలకి దిమ్మలో, రాళ్లో అడ్డం పెట్టండి. గేరులో ఉంది కదా, ఇవన్నీ ఎందుకు అని అడుగుతారు. మన పికప్పుల్లో చాలావాటికి ఇంజను శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది. వెనక చక్రం ఒకటి జాకీ మీద గాల్లోకి లేచాక రెండు వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం ఖాళీగా తిరుగుతుంది, కింద ఉన్న చక్రాన్ని గేరు ఆపలేదు. అప్పుడు బండిని పట్టి ఉంచేవి హ్యాండ్ బ్రేకూ, అడ్డం పెట్టిన దిమ్మలే.

ఇంకా జాకీ పెట్టొద్దు. స్టెప్నీ ముందు బయటికి రావాలి. రాడ్డు ముక్కలు కలిపి వెనక బంపర్ దగ్గర ఉన్న రంధ్రంలోకి దూర్చండి. లోపల ఒక గొట్టమో, గైడో ఉండి రాడ్డుని వించ్ దాకా తీసుకెళ్తుంది. చివర అమరిందో లేదో కొంచెం అటూ ఇటూ కదిపితే చేతికి తెలుస్తుంది. అమరాక రాడ్డు వెనక నిలబడి, గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా, అంటే ఎడమ వైపుకి తిప్పండి. దాదాపు అన్ని బండ్లలో దిగేది అటే. మొదటి ఒకటి రెండు చుట్లు గట్టిగా ఉంటాయి, తర్వాత వదులవుతుంది.

టైరు నేలని తాకాక ఆపేయకండి. ఇంకొన్ని చుట్లు తిప్పి చెయిను బాగా వదులు చేయండి. ఆ వదులు లేకపోతే టైరుని బంపర్ కింద నుంచి బయటికి లాగలేరు. ఇప్పుడు టైరుని మీ వైపు లాగండి. చేయి అందకపోతే రాడ్డు కొక్కేన్ని డిస్కు రంధ్రంలో తగిలించి లాగండి, మీరు మాత్రం కిందికి దూరకండి. బయటికి వచ్చాక టైరుని ఒక వైపు నిలబెట్టి, చెయిను చివర ఉన్న రేకుని ఏటవాలుగా తిప్పి మధ్య రంధ్రంలోంచి తీసేయండి.

చెయినుని అలా వేలాడదీసి వదిలేయకండి. పంక్చర్ టైరుని ఎక్కించే ఉద్దేశం లేకపోయినా సరే, చెయినుని పూర్తిగా పైకి చుట్టేశాకే బండి కదలాలి. రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయే చెయిను దేనికైనా తగులుకుంటుంది.

రాడ్డు పెట్టే రంధ్రమే కనిపించట్లేదు.

ఎక్కువ బండ్లలో అది వెనక నంబర్ ప్లేటు చుట్టుపక్కల, బంపర్‌లోనో, వెనక డోరుకీ బంపర్‌కీ మధ్య సందులోనో ఉంటుంది. కొన్నింటికి రబ్బరు మూత ఉంటుంది. బురద పట్టి మూతా బంపరూ ఒకే రంగులోకి వచ్చేస్తాయి కాబట్టి గుడ్డతో తుడిచి చూడండి.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది. చాలామంది షోరూం నుంచి ఖాళీ ఛాసిస్‌తో వచ్చి బాడీ బయట కట్టించుకుంటారు. లేదా డోరు కింద బలం కోసం యాంగిలర్ వెల్డింగ్ చేయిస్తారు, ఎర్ర రేడియం పట్టీ ఉన్న కొత్త బంపర్ వేయిస్తారు. వెల్డరుకి స్టెప్నీ గురించి పట్టదు. రంధ్రానికి అడ్డంగా ఇనుప పట్టీ పడిపోతుంది. బాడీ కట్టించేవాళ్లకి నా సలహా: డబ్బులు మొత్తం ఇచ్చే ముందు అక్కడే, వాళ్ల ముందే స్టెప్నీ దించి ఎక్కించి చూపించమనండి. అడ్డు వస్తే అక్కడికక్కడే కోసి సరిచేస్తారు. ఇంటికొచ్చాక అడిగితే రేపు రమ్మంటారు.

రాడ్డు తిరుగుతోంది, టైరు మాత్రం దిగట్లేదు. ఏమై ఉంటుంది?

ముందు రాడ్డు చివర నిజంగా వించ్‌లో పడిందా చూడండి. గైడులో పక్కకి జారి ఖాళీగా తిరుగుతుండొచ్చు. తీసి మళ్లీ పెట్టండి.

పడిందనుకుంటే టార్చి వేసి చెయినుని చూడండి. చెయిను వదులై టైరు మాత్రం పైనే ఉందా? అయితే తుప్పుతోనో, ఎండిన బురదతోనో టైరు పైనున్న బ్రాకెట్‌కి అతుక్కుపోయింది. అన్నిటికన్నా ప్రమాదమైన స్థితి ఇదే. చెయిను వదులుగా ఉంది కాబట్టి టైరు ఊడితే ఆపేదేమీ లేదు, ధబేలున పడుతుంది. పాతిక కిలోల టైరు చేతి మీద పడితే ఎముక విరుగుతుంది. అందుకని చెయినుని మళ్లీ బిగించి, కొద్దిగా మాత్రమే వదులు చేయండి. తర్వాత పక్కన నిలబడి, పొడుగు కర్రతోనో వెదురు బొంగుతోనో టైరుని పక్కల నుంచి తట్టండి. లాభం లేకపోతే ఇంకోసారి బిగించి, వదిలి, మళ్లీ తట్టండి. తల, చేతులు, కాళ్లు ఏవీ టైరు కింద ఉండకూడదు.

చెయిను కూడా కదలకుండా రాడ్డు మాత్రం ఖాళీగా తిరుగుతుంటే లోపల గేరు పళ్లు పోయినట్టు. రోడ్డు మీద దానికి మందు లేదు, వించ్ మార్చాల్సిందే.

రాడ్డు అసలు తిరగడమే లేదు. పైపు తగిలించి బలంగా తిప్పమంటున్నారు.

వద్దు. ఆ బలానికి ముందు విరిగేది రాడ్డో, వించ్ నోరో. గాలి మిషన్ గన్నుతో కూడా తిప్పొద్దు. ఆ అదురుకి లోపలి గేరు పాడవుతుంది, కంపెనీల మాన్యువళ్లలోనూ గన్ను వాడొద్దనే ఉంటుంది.

డబ్ల్యూడీ ఫార్టీ లాంటి తుప్పు వదిలించే స్ప్రే వించ్ మీద, చెయిను మీద కొట్టి కాసేపు ఆగండి. తర్వాత ముందు బిగించే వైపు కొద్దిగా, ఆపైన వదిలే వైపు కొద్దిగా, ఇలా అటూ ఇటూ ఆడించండి. తుప్పు పొర విడిపోతే దానంతటదే దారికొస్తుంది. ఇంటి దగ్గరైతే సాయంత్రం స్ప్రే కొట్టి పొద్దున చూడటం ఇంకా మంచిది.

తుప్పు ఎక్కువ కనిపించేది చేపలు, రొయ్యలు మోసే బండ్లకి. కైకలూరు, భీమవరం వైపు నుంచి ఐసు పెట్టెలతో వచ్చే బండ్లలో కరిగిన నీళ్లు బాడీ సందుల్లోంచి తిన్నగా స్టెప్నీ మీదే కారతాయి. ఆ నీళ్లలో ఉప్పు ఉంటుంది. మచిలీపట్నం, సూర్యలంక వైపు సముద్రపు గాలికి తిరిగేవాళ్లదీ అదే పరిస్థితి. సరుకు దించాక బాడీ లోపల కడిగేవాళ్లు అదే పైపుతో కింద కూడా మంచినీళ్లు కొడితే చాలా వరకు తప్పుతుంది.

బుడమేరు వరదలో మునిగిన బండి చవగ్గా వచ్చిందని తీసుకున్నాను. ఇంజను బాగు చేయించాను. స్టెప్నీ సంగతి చూడాలా?

చూడాలి. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన ఆ వరదలో సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఇంజను, వైరింగు, సీట్లు బాగు చేయించారు. కిందనున్న వించ్‌ని తలచుకున్నవాళ్లు తక్కువ. వించ్ డ్రమ్ములోకి వెళ్లిన ఒండ్రు ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. దాన్ని ఊడదీయించి, కిరసనాయిల్‌తోనో డీజిల్‌తోనో కడిగించి, చెయినులో తుప్పు తిన్న లింకులు ఉన్నాయేమో చూడండి. ఉక్కు తాడు రకమైతే ఒక్క పోగు తెగి ముల్లులా బయటికి కనిపించినా మార్చేయండి. స్టీలు డిస్కుని కూడా గీకి చూడండి. పైకి రంగు బాగున్నా లోపలి అంచు దగ్గర తుప్పు ఉంటే గాలి నిలవదు.

వెనక టైరే పంక్చర్. నిండు లోడుతో బండి కూర్చుంది. స్టెప్నీ దిగింది కానీ బంపర్ కింద నుంచి బయటికి రావట్లేదు.

వెనక టైరు చప్పబడితే బంపర్ నేలకి దగ్గరవుతుంది, లోడుకి కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) కూడా కిందికి నొక్కుకుని ఉంటాయి. టైరుని పడుకోబెట్టి, పంక్చర్ కాని చక్రం వైపుకి జరిపి లాగండి. ఆ వైపు కొంచెం ఎత్తుగా ఉంటుంది. అప్పటికీ రాకపోతే జాకీతో పంక్చర్ అయిన మూలని బంపర్ తేలేంత మటుకే ఎత్తి, టైరుని కొక్కెంతోనో తాడుతోనో బయటికి లాగండి. ఈ ఒక్క సందర్భంలో జాకీ ముందు వస్తుంది. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరూ దూరకూడదు. క్లీనర్ కుర్రాడు సన్నగా ఉంటాడని వాణ్ని పంపడం అలవాటు ఉన్న డ్రైవర్లున్నారు. చెప్పినా వినరు, అయినా చెప్తున్నాను: ఆ పని చేయించొద్దు.

లోడు దించకుండా జాకీ ఎత్తొచ్చా?

జాకీ మీద ఎంత బరువు ఎత్తగలదో రాసి ఉంటుంది. కంపెనీ జాకీ కంపెనీ చెప్పిన లోడు వరకే. మీరు వేసింది అంతకన్నా ఎక్కువైతే, అది ఎలాగూ మీకు తెలుసు, కనీసం ఆ మూలన ఉన్న బస్తాలైనా దించండి.

నేల ఇంకా ముఖ్యం. గుంటూరు జిల్లా నల్లరేగడి వాన పడ్డాక ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తారు అంచు దాటి బండి దింపితే జాకీ పైకి లేవడం మాని భూమిలోకి దిగుతుంది. ముందు చెప్పిన చెక్క పలక అందుకే. జాకీ కింద వేస్తే బరువు పరుచుకుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం మెత్తబడిన తారు మీద కూడా పలక వేయడమే మంచిది. ఇటుక పెట్టొద్దు, చిట్లిపోతుంది.

హైవే మీద పంక్చర్ అయితే ఎక్కడ ఆపాలి?

కనకదుర్గ వారధి మీద, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద ఆపకండి. ప్రమాద లైట్లు వేసి, ఎడమ అంచున నడక వేగంతో వంతెన దిగిపోండి. ఆ టైరు పాడవ్వొచ్చు. పోతే పోనివ్వండి. నేషనల్ హైవే 16 మీద మంగళగిరి, చిలకలూరిపేట వైపు వెళ్తుంటే సర్వీస్ రోడ్డులోకో, పెట్రోలు బంకులోకో, దాబా ముందున్న ఖాళీలోకో చేరుకోండి.

కుడి వైపు చక్రం పంక్చర్ అయితే ఇంకా జాగ్రత్త. మీరు కూర్చుని నట్లు విప్పేది లారీలు దూసుకొచ్చే వైపు. వీలైనంత ఎడమకి, తారు వదిలి ఆపండి. స్టెప్నీ దించేటప్పుడు కూడా మీరు నిలబడేది బండి వెనకే, అంటే వచ్చే వాహనాలకి వీపు చూపించి. రిఫ్లెక్టర్ త్రికోణాన్ని బండికి బాగా వెనకగా, కనీసం 50 మీటర్ల దూరాన పెట్టి, ఒకరిని టార్చితో కాపలా ఉంచండి. కొమ్మలు విరిచి రోడ్డు మీద వేసి, పని అయ్యాక అక్కడే వదిలేసే అలవాటు మన దగ్గర ఉంది. వెనక వచ్చే స్కూటరు వాడికి అవి కనిపించవు.

చోటు బాగాలేదనిపిస్తే 1033కి ఫోన్ చేయండి. నేషనల్ హైవేల మీద రోజంతా పని చేసే సహాయ నంబరు అది. హైవే గస్తీ బండి వస్తే కనీసం వెనక కోన్లు పెడతారు.

నట్లు ఎప్పుడు వదులు చేయాలి?

చక్రం నేల మీద ఉండగానే, అర చుట్టు. పూర్తిగా విప్పేది జాకీ ఎత్తాక. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు వరసగా. జాకీ దించాక మళ్లీ గట్టిగా బిగించండి. గుంటూరులో మారిస్తే విజయవాడ చేరాక ఇంకోసారి స్పానర్ వేసి చూడండి.

పంక్చర్ టైరుని వించ్‌కి ఎలా ఎక్కించాలి?

టైరుని బండి వెనక పడుకోబెట్టి రేకుని మధ్య రంధ్రంలోంచి కిందికి దింపి అడ్డంగా తిప్పండి. రేకు రంధ్రం మధ్యలో సరిగ్గా కూర్చోవాలి. వంకరగా ఉంటే సగం ఎత్తాక జారుతుంది. డిస్కు ఏ ముఖం పైకి ఉండాలన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. దించేటప్పుడే ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే ఈ అనుమానం రాదు.

కుడి వైపుకి తిప్పుతూ ఎత్తండి. టైరు పైకి చేరాక రాడ్డు బిగుసుకుంటుంది. కొన్ని వించ్‌లలో టక్ టక్ మని చప్పుడు వస్తుంది, ఇక చాలు అని అర్థం. తర్వాత టైరుని రెండు చేతులతో ఊపి చూడండి, కదలకూడదు. వదులుగా ఉంటే గతుకుల్లో ఊగి ఊగి చెయిను తెగుతుంది. హైవే మీద పడిపోయిన స్టెప్నీ వెనక వచ్చే బైకుకి ఏం చేస్తుందో ఊహించుకోండి. కొంత దూరం నడిచాక మళ్లీ ఆపి ఊపి చూడాలి.

చెయిను తెగింది. జీఐ వైరుతో కట్టేస్తే సరిపోదా?

సరిపోదు. కొత్తది వేయించే దాకా స్టెప్నీని బాడీలో పడేసి తాడుతో కట్టుకోండి.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలో ముందు తాళం చెవి పెట్టి తీశారు. మన బండికి అది లేదే?

అక్కడి ఫోర్డ్ ఎఫ్-150 లాంటి ట్రక్కుల్లో రాడ్డు రంధ్రానికి తాళం ఉంటుంది, బండి తాళం చెవితోనే తీస్తారు. షెవ్రొలే సిల్వరాడోలో తాడు తెగినా టైరు పడకుండా రెండో పట్టు ఉంటుంది, దాన్ని విడిపించే పద్ధతి వేరు. ఆ వీడియోలు చూసి మన బండి కింద లేనివాటి కోసం వెతక్కండి. హైలక్స్‌కైనా, మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారయ్యే వీ-క్రాస్‌కైనా వాటి సొంత మాన్యువలే దారి.

స్టెప్నీ దొంగతనాలు జరుగుతున్నాయట. తాళం వేయొచ్చా?

వేయొచ్చు. లారీ స్టాండుల్లో, యార్డు బయట రాత్రిళ్లు నిలిపే బండ్లకి అవసరమే. డిస్కు రంధ్రంలోంచి ఛాసిస్‌కి కలిపి గొలుసు తాళం వేస్తారు. తాళానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, నెలకోసారి నూనె చుక్క వేయండి, లేదంటే అవసరానికి తాళమే తెరుచుకోదు. చెవి డ్రైవరు దగ్గర ఉండాలి. ఓనరు ఇంట్లో బీరువాలో చెవి, డ్రైవరు ఒంగోలు దగ్గర రోడ్డు మీద, ఇలాంటి ఫోన్లు చాలా విన్నాను.

క్యాబిన్ వెనక స్టాండు చేయించి అక్కడ పెట్టుకుంటే?

బురద, తుప్పు గొడవ ఉండదు, తీయడమూ సులువే. లోడు చోటు కొంత పోతుంది. ఉప్పు నీళ్ల సరుకు మోసేవాళ్లకి నేనైతే అదే మేలంటాను. మామూలు సరుకుకి కంపెనీ పెట్టిన చోటు చాలు. స్టాండు చేయిస్తే బోల్టులతో బిగించేలా చేయించండి. తాడుతో కట్టిన టైరు సడన్ బ్రేకుకి క్యాబిన్ అద్దం మీదకి వస్తుంది.

స్టెప్నీలో గాలి ఎంత ఉండాలి? కింద ఉంటే కొట్టించడం ఎలా?

డ్రైవరు డోరు దగ్గర అతికించిన స్టిక్కరు మీద ముందు, వెనక టైర్లకి లోడుతో ఎంత, లోడు లేకుండా ఎంత అని ఉంటుంది. స్టెప్నీకి అందులో ఎక్కువ అంకె, అంటే లోడుతో వెనక టైరుకి చెప్పినది పట్టించండి. ముందుకి వేయాల్సి వస్తే కొంత వదిలేయొచ్చు. తక్కువ ఉంటే రోడ్డు మీద కొట్టుకోలేరు.

వాల్వు కింది నుంచి అందేలా ఉంటే గాలి కుర్రాడు దించకుండానే చూస్తాడు. అందకపోతే దించాల్సిందే. మే నెలలో మధ్యాహ్నం బండి నడిచి వచ్చాక చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి.

ఒక్కసారి కూడా వాడని స్టెప్నీ. కొత్తదే కదా?

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. పక్క గోడ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే దాన్ని దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా వెళ్లడానికి తప్ప నమ్మొద్దు. పాత టైరుని స్టెప్నీగా వేసుకున్నవాళ్లు గాడి లోతు చూడండి. అరుగుదల గుర్తు దగ్గర 1.6 మిల్లీమీటర్లకి వచ్చేస్తే దాని పని అయిపోయింది.

ఎన్నాళ్లకోసారి దించి చూడాలి?

టైర్లు మార్చి వేయించే ప్రతిసారీ, అలాగే వానాకాలం ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి. చేపల బండ్లకి నెలకోసారి. దించినప్పుడు చెయినుని నీళ్లతో కడిగి, ఆరాక పల్చగా నూనె పట్టించండి. చిక్కటి గ్రీజు దట్టంగా పూస్తే ఇసుక, దుమ్ము అంటుకుని ఇంకా గట్టిపడుతుంది. మిర్చి బండ్ల వాళ్లు కింద వంగే ముందు మూతికి తువ్వాలు కట్టుకోండి. బాడీ పలకల సందుల్లోంచి రాలిన ఘాటు అంతా స్టెప్నీ మీదే ఉంటుంది, తట్టగానే దగ్గు మొదలవుతుంది.

కొత్త డ్రైవరు చేరిన రోజే ఈ పని ఒకసారి చేయించండి. బండి కాగితాలు చూపించినట్టే ఇది కూడా.

ఒక్కణ్నే ఉన్నాను. టైరు ఎత్తి బోల్టులకి తగిలించడం నావల్ల కావట్లేదు.

టాటా ఏస్ లాంటి 12 అంగుళాల టైరు ఎవరైనా ఎత్తుతారు. హైలక్స్, వీ-క్రాస్ టైర్లు పెద్దవి, బరువు పాతిక కిలోల పైమాటే. ఎత్తడానికి చూడకండి. జాకీని టైరు నేల మీంచి తేలేంత ఎత్తులోనే ఆపండి. టైరుని దొర్లించుకొచ్చి హబ్బుకి ఎదురుగా నిలబెట్టి, కింద స్పానర్‌నో రాడ్డునో దూర్చి, కాలితో మీటలా నొక్కితే టైరు రెండు అంగుళాలు లేస్తుంది. చేతులతో తిప్పుతూ రంధ్రాలు బోల్టులకి సరిపెట్టి, ముందు పై నట్టు తగిలించండి. అది పడితే మిగతావి సులువు.

వించ్ పాడైంది. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

పంక్చర్ షాపు వాళ్ల పని కాదిది. ఆటోనగర్‌లో పికప్ స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి స్పేర్ వీల్ క్యారియర్, వించ్ రకం అని అడగండి. ఒకే పేరుతో వచ్చిన బండికి కూడా సంవత్సరాన్ని బట్టి వించ్ మారుతుంది కాబట్టి ఊడదీసిన పాతదాన్ని వెంట పట్టుకెళ్లండి. పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాల దూరం, చెయిను పొడుగు, రాడ్డు పట్టే నోరు మూడూ కలిశాకే డబ్బులివ్వండి. బిగించాక మీ రాడ్డుతోనే, మీ చేత్తోనే ఒకసారి దించి ఎక్కించి చూసుకుని బండి బయటికి తీయండి.